పళ్ళు - పెన్షనర్లు



నేను దంత వైద్యుణ్ణి కాను. ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళు రాసిన గుమాస్తాను. డి.ఎ. బకాయిల గురించైతే గంటసేపు మాట్లాడగలను గాని, కార్యదర్శి గారు ఈసారి పళ్ళ గురించి చెప్పమన్నారు. డాక్టర్లను అడిగి తెలుసుకున్నవీ, నా నోట్లో మిగిలిన ఇరవై రెండు పళ్ళు నేర్పినవీ మనవి చేస్తాను.

'ఈ వయసులో పళ్ళు ఊడక ఏం చేస్తాయి' అని మనలో చాలామంది అంటూ ఉంటారు. అది సరికాదు. పళ్ళు ఊడేది ఎక్కువగా పుచ్చువల్ల, చిగుళ్ళ జబ్బువల్ల. పాచి చిగుళ్ళ అంచున నిలిచి గట్టిపడి గార అవుతుంది. చిగుళ్ళు వాచి, రక్తం కారి, క్రమంగా జారిపోతాయి. పంటి వేరు బయటపడుతుంది. వేరుకు పింగాణి పొర రక్షణ లేదు కనుక త్వరగా పుచ్చుతుంది. షుగరున్నవారికి చిగుళ్ళ జబ్బు తొందరగా ముదురుతుంది. అది ముదిరితే షుగరు అదుపు చేయడం కష్టమవుతుంది. ఒకదానికొకటి సిఫారసు చేసుకుంటాయన్నమాట!

మరొకటి నోరు ఎండిపోవడం. బి.పి.కి, నిద్రకు, ఎలర్జీకి వాడే మందుల్లో కొన్ని లాలాజలాన్ని తగ్గిస్తాయి. పళ్ళకు కాపలా కాసేది లాలాజలమే. నోరెండుతోందని రోజంతా పిప్పరమెంట్లు చప్పరించినా, పంచదార టీ గంటకోసారి తాగినా పళ్ళకు చేటు. మంచినీళ్ళు కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. టీ మానమనను, నేనే మానలేదు. మందులు మాత్రం సొంతంగా ఆపకండి, డాక్టరుగారితో చెప్పండి.

మా చిన్నతనంలో వేపపుల్ల, కచ్చిక, బొగ్గు ఉండేవి. వేపపుల్ల చివర మెత్తగా నమిలి వాడుకుంటే తప్పులేదు. బొగ్గుపొడి, ఇటుకపొడి పింగాణిని అరగదీస్తాయి. మెత్తటి బ్రష్షు, ఫ్లోరైడు పేస్టుతో ఉదయం, రాత్రి రెండేసి నిమిషాలు తోముకుంటే చాలు. రాత్రి తోముకోవడం మరీ ముఖ్యం. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది. వేళ్ళకు పట్టు చాలనివారు బ్రష్షు పిడికి గుడ్డ చుట్టుకోవచ్చు.

పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపడాన్ని 1992లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. అయినా నస్యంతో పళ్ళు తోముకునేవారు ఇంకా ఉన్నారు. మన శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో అడ్డపొగ సంగతి మీకు నేను చెప్పాలా? చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని తాగుతారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. ఇతర చోట్ల అంగిలికి క్యాన్సరు అరుదు. అడ్డపొగ ఉన్న చోట అరుదు కాదు. మా మేనత్త అంగిలి మీద పుండు లేచింది. నొప్పి లేదు గదా అని ఎవరికీ చెప్పలేదు. ముద్ద మింగలేని స్థితిలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. నాలుగు నెలలకే పోయింది. నొప్పి లేకపోవడమే అక్కడ ప్రమాదం. పుండు రెండు వారాల్లో మానకపోయినా, తెల్లమచ్చ గాని ఎర్రమచ్చ గాని పోకపోయినా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా వెంటనే చూపించుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పరు, పిల్లలే అడగాలి. అందుకే కుటుంబ సభ్యులను కూడా ఈ సభకు రమ్మన్నాము.

పన్ను తీయించుకునేటప్పుడు రక్తం పలుచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. డాక్టరు చెప్పకుండా వాటిని మానరాదు.

ఇక కట్టుడు పళ్ళు. రాత్రి తీసేసి, బ్రష్షుతో కడిగి, చన్నీళ్ళలో ఉంచాలి. వేడినీళ్ళు పోస్తే వంకర తిరుగుతాయి. వదులైతే పుండు పడేదాకా ఓర్చుకోకుండా సరిచేయించుకోండి. ఒక్క పన్నూ లేనివారు కూడా ఏడాదికోసారి నోరు చూపించుకోవలసిందే. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలలోనే ఆ పనీ పెట్టుకుంటే మరచిపోరు.