మూడు స్పాన్ల హేవలాక్ వంతెన
(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సైన్సు ల్యాబులో అద్దాల పెట్టెలో పెట్టిన గోదావరి పాత వంతెన నమూనా గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కట్టడం గురించి పెద్దగా చెప్పను. రంగులకే ఎక్కువ రోజులు పట్టింది, వాదనలన్నీ కూడా అక్కడే వచ్చాయి.

వంతెన 1900లో మొదలైంది, 1997లో రైళ్లు ఆగిపోయాయి. 56 స్పాన్లు, ఒక్కోటి 150 అడుగులు. నేను ఎంచుకున్నది 1:160, దాన్నే ఎన్ స్కేలు అంటారు. ఆ లెక్కన ఒక స్పాను 28.6 సెంటీమీటర్లు. మొత్తం కడితే 16 మీటర్లు. హెడ్మాస్టరు గారు ల్యాబు గోడ పగలగొట్టనివ్వరు కనుక మూడు స్పాన్లతో ఆపాను.

ఏ కాలం నాటి వంతెన? ఇదీ మొదటి వాదన. ఈ రోజు చూస్తే ఇనుమంతా తుప్పే. ఫొటోలో బాగుంటుంది, అలాగే వేయమన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. మనం బడికి వచ్చే రోజుల్లో దాని మీద రైళ్లు నడిచేవి. రైళ్లు నడిచే వంతెనకు రంగు వేస్తూనే ఉంటారు. మన రైల్వేల్లో మామూలు పద్ధతి కింద ఎర్ర ప్రైమరు, పైన అల్యూమినియం పెయింటు. అలాంటి వంతెన మీద తుప్పు కనబడాలంటే అక్కడ ఒక కారణం ఉండాలి. ప్లేట్లు కలిసే మూలల్లో దుమ్ము చేరి తడి ఆరదు. గర్డరు కింది అంచు మీద నీళ్లు నిలుస్తాయి. పాత బోగీల మరుగుదొడ్ల నీళ్లు నేరుగా పట్టాల మీదే పడేవని మీకు తెలుసు, ఇనుముకు అంతకన్నా శత్రువు లేదు. పట్టాల పక్కనంతా బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి వల్ల గోధుమరంగు.

పని ఇలా సాగింది. ముందు ప్లాస్టిక్ షీటు మీద ఎర్ర ప్రైమరు, దాని మీద తుప్పు రంగు. అది తడి చేసి, మూలల్లో మాత్రం వంటింటి మెత్తటి ఉప్పు చల్లాను. పైన అల్యూమినియం బూడిదరంగు వేసి, ఆరాక రుద్దితే ఉప్పుతో పాటు పై రంగు ఊడి, తుప్పు బయటపడుతుంది. ఉప్పురేణువు 0.3 మిల్లీమీటర్లుంటే, ఈ స్కేలులో అది 5 సెంటీమీటర్ల పెచ్చు. కళ్లుప్పు వేస్తే బండి చక్రమంత పెచ్చులు ఊడతాయి! కుంచెతో 1 మిల్లీమీటరు చార గీస్తే అది 16 సెంటీమీటర్లు. అందుకే తుప్పు నీళ్ల చారలకు టర్పెంటైన్‌లో బాగా పలచన చేసిన బర్న్ట్ అంబర్ వాడాను, పైనుంచి కిందికే లాగాను. నీరు పక్కకు కారదు కదా. మెరుపు ఉంటే బొమ్మలా కనిపిస్తుంది, అందుకని చివర మ్యాట్ వార్నిష్.

ఇక రాతి స్తంభాలు. మా క్లాసులో లంక గ్రామం నుంచి వచ్చినవాడొకడు ఉన్నాడు. 1986 ఆగస్టు వరదలో వాళ్ల ఇల్లు పోయింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. నమూనా చూడటానికి మా ఇంటికొచ్చి, "ఎనభై ఆరు గీత లేకపోతే ఇది మన వంతెన ఎలా అవుతుందిరా?" అన్నాడు. సమాధానం చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. వరద మట్టి ఒక్క గీతగా ఉండిపోదు. ఏటా ఎర్రనీళ్లు వస్తాయి, ఏటా వాన కడుగుతుంది. కింద తరచూ మునిగే చోట మరక ముదురుగా ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ పలచబడుతుంది. అలా ఆరు పొరలు వేశాను. అన్నిటికన్నా పైన, రాళ్ల సందుల్లో మాత్రమే, పౌడరుతో ఒక సన్నటి తెగిన గీత. వాడికి వేలు పెట్టి చూపించనక్కర లేకపోయింది. మీరు వెతకాలంటే రెండో స్తంభం, ఎగువ వైపు.

ఇంజనీరు తమ్ముళ్లు ఎలాగూ అడుగుతారు కనుక నేనే చెప్పేస్తున్నాను: ఎన్ స్కేలు పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజికి 10.5 కావాలి. దొరికే పట్టాలు అవే.

ల్యాబు బాధ్యత చూసే మాస్టారికి ఒక్క విన్నపం. పెట్టె తెరిచినప్పుడు దుమ్ము మెత్తటి కుంచెతోనే దులపండి. తడిగుడ్డ తగిలితే ఆ పై గీత పోతుంది, పౌడరు మీద వార్నిష్ వేయలేదు.