కప్పవలసింది ఎవరి ముఖం?

(ఉప్పల్, నాచారం ప్రాంత మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలిచినప్పుడు నిర్వాహకులు నాకొక ప్రశ్న ఇచ్చారు. స్త్రీల మీద జరిగే అత్యాచారాల గురించి పత్రికలు, టీవీలు ఎంతవరకు చెప్పాలి, ఎక్కడ ఆగాలి? ఒక పక్క మనమే "ఎందుకు రాయరు?" అని విలేకరులను నిలదీస్తాం. మర్నాడు రాసింది చూసి "ఇలాగేనా రాసేది?" అని కోప్పడతాం. మీకు వార్త కావాలా, వద్దా అని వాళ్ళు మనల్ని అడుగుతూనే ఉంటారు. అది న్యాయమైన ప్రశ్నే. దానికి మన దగ్గర స్పష్టమైన జవాబు ఉండాలి.

ఇందులో మూడు విషయాలు కలగలిసి ఉన్నాయి. మొదటిది, మాట్లాడే, రాసే స్వేచ్ఛ. రాజ్యాంగం 19వ అధికరణం దాన్ని ఇచ్చింది. రెండోది గోప్యత. ఇది జీవించే హక్కులో భాగమని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. మూడోది, న్యాయం నలుగురి ఎదుట జరగాలన్న సూత్రం. 1966లోనే మిరాజ్‌కర్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని గట్టిగా సమర్థిస్తూ, న్యాయం కోసమే అవసరమైతే కోర్టు కొంత మరుగు పాటించవచ్చునని కూడా అన్నది.

ఈ మూడు హక్కులూ ఒకదానితో ఒకటి తగువు పడుతుంటాయని, వాటి మధ్య సమతూకం సాధించాలని న్యాయవాదులు అంటారు. సమాజశాస్త్రం చదువుకున్న నాకు ఆ త్రాసు ఎవరి చేతిలో ఉందన్నది ముందు కనిపిస్తుంది. ఎవరి గుట్టు దాగుతోంది, ఎవరి గుట్టు రట్టవుతోంది? ఈ ప్రశ్న వేసుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి.

మన పక్కనే జరిగిన చరిత్రతో మొదలుపెడదాం. ఉప్పల్ నుంచి రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా వెళ్తే నల్లకుంట వస్తుంది. 1978 మార్చిలో అక్కడి పోలీసుస్టేషన్‌లో ఒక పేద ముస్లిం స్త్రీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. ఆమె భర్తను కొట్టి చంపారు. నగరం భగ్గుమంది. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేసింది. కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన అంతా ఆమె వ్యభిచారి అని నిరూపించడానికే సాగింది. ఆమె పెళ్ళిళ్ళు, ఆమె గతం, ఆమె నడవడి అన్నీ ఊరి నోళ్ళలో నానాయి. కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. కాని కేసు విచారణ కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయి, 1981లో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆమె పేరు మాత్రం ఆ కేసుకే పేరైపోయింది. మీలో పెద్దవాళ్ళకు ఆ పేరు తెలుసు. అయినా ఇవాళ నేనది పలకను.

అదే 1978లో, మహారాష్ట్రలో పోలీసుస్టేషన్‌లోనే అత్యాచారానికి గురైన ఒక ఆదివాసీ బాలిక కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ విడిచిపెట్టింది. ఆ తీర్పు చదివి 1979లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా మహిళా సంఘాలు కదిలాయి. ఒక్కసారి ఆలోచించండి. ఆ తీర్పు ఎవరూ చదవడానికి వీల్లేకుండా బీరువాలో ఉండిపోయి ఉంటే ఆ లేఖ వచ్చేదా? ఉద్యమం వచ్చేదా? కోర్టు బాహాటంగా ఉండటం వల్లనే కోర్టును ప్రశ్నించగలిగాం.

ఆ ఉద్యమ ఫలితంగా 1983లో చట్టం మారింది. అత్యాచార బాధితురాలి పేరు, ఆమెను గుర్తుపట్టేలా చేసే ఏ వివరమైనా ప్రచురించడం 228-ఎ సెక్షన్ కింద నేరమైంది. విచారణ తలుపులు మూసి, అంటే ఇన్ కెమెరాగా జరగాలన్నారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే 72వ సెక్షన్. రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. అంటే గోప్యతను కోరింది మనమే, తీర్పుల మీద బహిరంగ చర్చను కోరిందీ మనమే. ఇందులో వైరుధ్యం లేదు. స్త్రీకి మరుగు కావాలి, అధికారానికి మరుగు ఉండకూడదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

అయితే గోప్యత ఎందుకు అడుగుతున్నామో మనలో మనకు స్పష్టత ఉండాలి. ఆమె పరువు పోయిందని కాదు. అత్యాచారంలో పరువు పోయేది చేసినవాడికి. ఉప్పల్, నాచారం బస్తీల్లో పనిచేసే మీకు ఇది నాకంటే బాగా తెలుసు. పేరు బయటపడితే ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమంటాడు. కంపెనీలో సూపర్‌వైజరు రేపటి నుంచి రావద్దంటాడు. చెల్లెలి పెళ్ళి ఆగుతుంది. గోప్యత అంటే ఆమెకు అద్దె ఇల్లు, నెల జీతం, పిల్లల బడి. అందుకే దాన్ని బతుకు హక్కు అంటున్నాం.

మరి పేరు రాయకపోతే సరిపోతుందా? ఒక వార్త ఊహించుకోండి. "నాచారం పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసే మహిళ, ఫలానా జిల్లా నుంచి వలస వచ్చి ఫలానా కాలనీలో ఉంటోంది, భర్త ఆటో నడుపుతాడు, ఇద్దరు ఆడపిల్లలు." పేరు లేదు, ఫోటో లేదు. కాని ఆ కాలనీలో ఆమె ఎవరో తెలియనిదెవరికి? పెద్ద బంగళాల్లో ఉండేవాళ్ళకు పేరే గుర్తింపు. బస్తీలో మనిషిని ఊరుతో, కులంతో, పనితో, గల్లీతో గుర్తుపడతారు. పేరు తీసేసి ఇవన్నీ రాస్తే ఆమెను ఎరగనివాళ్ళకు మాత్రమే దాచి, ఆమె రోజూ ముఖం చూపించవలసిన వాళ్ళకు చెప్పేసినట్టు. 2018 డిసెంబరులో నిపున్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే. దూరపు వివరంతో అయినా సరే ఆమెను గుర్తుపట్టేలా చెయ్యకూడదు. ఇలాంటి కేసుల్లో ఎఫ్.ఐ.ఆర్. జనానికి అందుబాటులో పెట్టకూడదు. ఆమె చనిపోయినా పేరు బయటపెట్టకూడదు.

ఆ తీర్పు వచ్చి ఏడాది తిరక్కుండానే మన నగరంలో ఏం జరిగిందో చూడండి. 2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిని అత్యాచారం చేసి చంపారు. ఆమె పేరు, ఫోటో దేశమంతా తిరిగాయి. తర్వాత పోలీసులు ఆమెను "దిశ" అని పిలవమన్నారు. అప్పటికే ఆలస్యమైంది. అంతకు మూడు రోజుల ముందు, నవంబరు 24న, ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరూ తిరిగి సామాన్లు అమ్ముకునే ఒక దళిత స్త్రీని అలాగే చంపారు. "సమత" అని పిలిచిన ఆ కేసుకు మొదట పత్రికల్లో చోటే దొరకలేదు. ఒకామె విషయంలో అతిగా చూపారు, మరొకామెను చూడనే లేదు. ఏ ముఖం వార్త అవుతుందో కులమూ వర్గమూ నిర్ణయించాయి.

డిసెంబరు 6 తెల్లవారుజామున, పోలీసు కస్టడీలో ఉన్న నలుగురు నిందితులను చటాన్‌పల్లి దగ్గర ఎన్‌కౌంటర్ చేశారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022 జనవరిలో నివేదిక ఇచ్చింది. దాన్ని సీల్డు కవరులోనే ఉంచమని రాష్ట్ర ప్రభుత్వం కోరింది. 2022 మే 20న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నివేదిక బయటికి వచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగింది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని అందులో ఉంది. ఆ ముగ్గురి పేర్లూ ముఖాలూ ఊళ్ళూ అప్పటికే టీవీలన్నీ చూపించేశాయి. కేసు విచారణ జరగనే లేదు. సాక్ష్యం ఏమిటో కోర్టులో పరీక్షకు నిలవనే లేదు.

ఇందులో ఎవరి ముఖం కప్పారు, ఎవరిది చూపారు? చట్టం ఎవరి పేరు దాచమందో ఆమె పేరు ఊరంతా తిరిగింది. చట్టం ఏది బయటపెట్టమందో, అంటే రాజ్యం తుపాకి ఎలా పేలిందన్నది, దాన్ని కవరులో పెట్టమన్నారు. సరిగ్గా తలకిందులు. బాధితురాలి కన్నీళ్ళు చూపించి కోర్టునే లేకుండా చేసిన ఆ న్యాయం మనకు న్యాయం కాదు. నల్లకుంటలో చూశాం, కస్టడీలో పోలీసు చేతికి ఎదురు లేకపోతే రేపు ఆ చెయ్యి ఎవరి మీద పడుతుందో.

రెండూ కలిపి చెయ్యడం సాధ్యమేనా అంటే, సాధ్యమేనని కేరళ కొంతవరకు చూపింది. సినిమా రంగంలో స్త్రీల పరిస్థితి మీద జస్టిస్ హేమ కమిటీ 2019 డిసెంబరులో ఇచ్చిన నివేదికను నాలుగేళ్ళకు పైగా తొక్కిపెట్టారు. చివరికి 2024 ఆగస్టులో, వ్యక్తుల్ని గుర్తుపట్టే భాగాలు తొలగించి బయటపెట్టారు. మాట్లాడిన స్త్రీలు మరుగునే ఉన్నారు, ఆ రంగం బండారం బయటపడింది. ఆ తొలగింపుల చాటున కొందరు పెద్దమనుషుల్ని కాపాడారన్న విమర్శా వచ్చింది. ఆ విమర్శను గుర్తుపెట్టుకోవాలి. మన తెలుగు సినిమా రంగం మీద కూడా 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. దాని ఉపసంఘం నివేదికను బయటపెట్టమని 2024లో మన నటీమణులు, మహిళా బృందాలు ప్రభుత్వాన్ని అడగవలసి వచ్చింది. నాచారం స్టూడియోలో షూటింగులకు వెళ్ళే జూనియర్ ఆర్టిస్టుకు, మేకప్ పని చేసే అమ్మాయికి ఆ నివేదికతో పని లేదా?

ఇక మనం చెయ్యగలిగింది చెప్పి ముగిస్తాను.

ఒకటి. పేరు చెప్పాలా వద్దా అన్న నిర్ణయం ఆమెది. ఆమె వయోజనురాలైతే స్వయంగా రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చునని చట్టమే చెబుతోంది. ఆమె ముందుకొచ్చి పేరుతో మాట్లాడతానంటే చట్టం పేరు చెప్పి మనం నోరు నొక్కకూడదు. అలాగే ఉద్యమానికి బలం వస్తుందని మనం ఆమెను తొందరపెట్టకూడదు.

రెండు. ఇన్ కెమెరా విచారణ అంటే ఆమె లోపల ఒంటరిగా, చుట్టూ నల్లకోట్లతో ఉండాలని కాదు. తోడుగా ఒక మనిషిని ఉండనివ్వమని జడ్జిగారికి అర్జీ పెట్టవచ్చు. సాధ్యమైనంతవరకు మహిళా జడ్జి విచారించాలని కూడా చట్టంలో ఉంది. పేర్లూ చిరునామాలూ గోప్యంగా ఉంచి విచారణ గురించి ప్రచురించడానికి కోర్టు అనుమతి కోరవచ్చు. ఈ అనుమతి కోరే విలేకరులు తక్కువ. వాళ్ళచేత మనం అడిగించాలి.

మూడు. గృహహింస కేసుల్లో, ఫ్యామిలీ కోర్టులో కూడా ఆమె కోరితే తలుపులు మూసి విచారించే వీలుంది. ఈ సంగతి మొదటి రోజే ఆమెకు చెప్పండి.

నాలుగు. స్థానిక విలేకరులతో కూర్చుని మాట్లాడండి. గల్లీ, కంపెనీ, కులం, సొంత ఊరు ఎందుకు రాయకూడదో వివరించండి. ఆ చోటులో ఏం రాయాలో కూడా చెప్పండి. ఫిర్యాదు తీసుకోవడానికి స్టేషన్లో ఎన్ని గంటలు కూర్చోబెట్టారు? ఛార్జిషీటు ఎప్పుడు వేశారు? వాయిదాలు ఎన్ని పడ్డాయి? పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఆమెతో ఒక్కసారైనా మాట్లాడాడా? కంపెనీలో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉందా, బోర్డు మీదేనా? ఇవి రాస్తే ఏ స్త్రీ గుట్టూ రట్టు కాదు. రాయవలసిన వార్త ఇదే.

అయిదు. మన కరపత్రాలకు, నిజనిర్ధారణ నివేదికలకు, ఫోన్లలో పంపే ఫోటోలకు కూడా ఇదే నియమం. చట్టం పత్రికలకు ఒకటి, సంఘాలకు ఒకటి లేదు.

వార్త కావాలా, వద్దా అని విలేకరి అడిగితే, కావాలనే చెబుదాం. ఆమె ఇంటికి దారి చూపే వార్త వద్దు. స్టేషన్‌కీ కోర్టుకీ కంపెనీకీ సచివాలయానికీ దారి చూపే వార్త కావాలి. ఈ ప్రాంతంలో మీ చేతికి వచ్చిన కేసుల్లో ఇది ఎక్కడ సాధ్యమైంది, ఎక్కడ అడ్డుపడింది అన్నది ఇప్పుడు మీరు చెప్పండి. పేర్లు లేకుండా.