జీపు కింద నూనె మరక



మన మన్యంలో చాలామందిమి సంతకు పాత జీపులోనే వెళ్తాం. ఒకరోజు ఘాటీలో మా జీపు ఆగింది. డ్రైవరు హ్యాండుబ్రేకు లాగాడు. అయినా బండి వెనక్కి జారింది. క్లీనరు గభాలున చక్రం కింద రాయి పెట్టాడు. బతికాం!

ఎందుకు జారింది? నాలుగు చక్రాలూ లాగే జీపుకు గేరుబాక్సు వెనక ఇంకో పెట్టె ఉంటుంది. పేరు ట్రాన్స్‌ఫర్ కేసు. ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ, వెనక చక్రాలకూ పంచేది అదే. పాతకాలం జీపుల్లో హ్యాండుబ్రేకు డ్రమ్ము దాని వెనకే ఉంటుంది. సీలు అరిగితే గేరాయిలు కారి బ్రేకును తడుపుతుంది. తడిస్తే బ్రేకు పట్టదు. లోపల ఆయిలు తగ్గితే గేర్ల పళ్ళు కూడా అరిగిపోతాయి.

మెకానిక్కు ఏం చేయాలి?

1. సమంగా ఉన్న నేల మీద బండి ఆపి, పక్కనున్న ప్లగ్గు విప్పాలి. ఆయిలు ఆ రంధ్రం అంచు దాకా ఉండాలి.
2. గాలి పోయే బ్రీదరులో మట్టి ఉంటే తీయాలి. అది మూసుకుపోతే ఆయిలు సీలును తోసుకుని వస్తుంది.
3. పాత సీలు, తడిసిన బ్రేకు లైనింగు మార్చాలి.

ఊరికే ఆయిలు పోస్తూ ఉంటే కారడం ఆగదు.

ఆ ఉదయం జీపు కింద మరక నేను చూశాను. అడగలేదు. చదువు చెప్పే నేనే నోరు మూసుకున్నాను! మీరు అలా చేయకండి. ఎక్కేముందు కిందకి చూడండి. చుక్కలుంటే డ్రైవరును అడగండి. జంకొద్దు. ప్రాణం మనది.