మాట చివర దాగిన అర్థం
(దార్సైట్ తెలుగు బాలబాలికల కోసం ప్రసంగం)



మస్కట్ నగరంలో రువీకీ మత్రాకీ దగ్గరగా ఉన్న దార్సైట్‌లో మీరు పెరుగుతున్నారు. బడిలో ఇంగ్లీషు, వీధిలో అరబ్బీ, ఆటల్లో హిందీ, ఇంట్లో తెలుగు వింటున్నారు. ఇన్ని భాషల నడుమ తెలుగు తరగతిలో కూర్చునే గంట వృథా అని కొందరు పెద్దలు అనుకుంటారు. ఆ గంటలో మరి నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్చుకోవచ్చునని వారి ఆలోచన. అది ఎంతవరకు సబబో, ఇంగ్లీషు మాటలనే సాక్షులుగా పిలిచి విచారిద్దాం.

ఆక్వేరియం, ప్లానెటేరియం, ఆడిటోరియం, శానటోరియం. ఈ నాలుగింటి చివరా ఒకే ధ్వని వినిపిస్తోంది కదా? ఈ మాటల చివరి భాగాలు లాటిన్ భాష నుంచి వచ్చినవి. మాట చివర చేరి అర్థాన్ని మార్చే ఇటువంటి భాగాన్ని వ్యాకరణంలో ప్రత్యయం అంటారు. ఇక్కడ దాని అర్థం 'ఫలానా పనికి లేదా వస్తువుకు ఏర్పడిన చోటు' అని స్థూలంగా చెప్పుకోవచ్చు.

ఇది మీకు కొత్త సంగతి కాదు. పాఠశాల, గోశాల, ధర్మశాల అనే మాటల్లో 'శాల' చేస్తున్న పని ఇదే. విద్యాలయం, గ్రంథాలయం అన్నప్పుడు 'ఆలయం' చేసేదీ, ధాన్యాగారం, కారాగారం అన్నప్పుడు 'ఆగారం' చేసేదీ ఇదే. ఇవి సంస్కృతం నుంచి వచ్చినవి. అచ్చతెలుగులో 'ఇల్లు' ఉండనే ఉంది. వంట చేసే చోటు వంటిల్లు, బొమ్మలతో ఆడుకునే చోటు బొమ్మరిల్లు. తెలుగు వచ్చిన పిల్లవాడి చేతిలో ఈ తాళంచెవి ముందే ఉంది. దానితో ఇంగ్లీషు మాటలను తెరచి చూద్దాం.

'ఆక్వా' అంటే నీరు. లాటిన్‌లో ఆక్వేరియం అంటే పశువులు నీళ్లు తాగే చోటు! జలచరాలను పెంచే గాజుతొట్టెకు ఆ పేరు 19వ శతాబ్దంలో స్థిరపడింది. ఫిలిప్ హెన్రీ గాస్ అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త 1854లో ఆ పేరుతోనే పుస్తకం రాసి, దానిని ప్రచారంలోకి తెచ్చాడు. మీ మస్కట్‌లోని ఒమన్ ఆక్వేరియంలో చేపలను చూసినప్పుడు ఆ పాత నీటితొట్టిని తలచుకోండి.

'ప్లానెట్' అంటే గ్రహం. హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీద 1985లో బిర్లా ప్లానెటేరియం ప్రారంభమైంది. తెలుగులో దానిని నక్షత్రశాల అంటాం. ఇంగ్లీషు మాట గ్రహాలను పట్టుకుంటే, తెలుగు మాట నక్షత్రాలను పట్టుకుంది. చోటును చెప్పే భాగం మాత్రం రెండు మాటల్లోనూ చివరనే ఉంది.

'ఆడిటర్' అంటే లాటిన్‌లో వినేవాడు. వినేవారు కూర్చునే చోటు ఆడిటోరియం. 2011లో ప్రారంభమైన మస్కట్ రాయల్ ఒపేరా హౌస్‌లో అటువంటి విశాలమైన మందిరం ఉంది. ఇక శానటోరియం అంటే రోగం నయం చేసే చోటు. క్షయకు మందులు లేని రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే చికిత్స. అందుకే మదనపల్లె దగ్గర 1910ల దశకంలో క్షయరోగుల కోసం ఒక శానటోరియం వెలసింది. ఆ చోటి పేరు ఆరోగ్యవరం. ఎంత చక్కని పేరో చూడండి!

ఈ ప్రత్యయం కొన్ని మాటల్లో అరిగిపోయి పొట్టిదయింది. ధాన్యం దాచే 'గ్రానేరియం' ఇంగ్లీషులో గ్రానరీ అయింది. పక్షులను ఉంచే 'ఏవియేరియం' ఏవియరీ అయింది.

మరి మీ చుట్టూ వినిపించే అరబ్బీ మాట ఏమిటి? అక్కడ చోటును తెలిపే గుర్తు మాట చివర కాక మొదట వస్తుంది. 'కతబ' అంటే రాశాడు. మక్తబ్ అంటే కార్యాలయం, మక్తబా అంటే గ్రంథాలయం. 'తబఖ' అంటే వండాడు. మత్బఖ్ అంటే వంటిల్లు. 'తార' అంటే ఎగిరాడు. మతార్ అంటే విమానాశ్రయం. మనకు బాగా తెలిసిన మసీదు, మదరసా కూడా ఈ వరుసలోవే. దుకాణాల బోర్డులు చదివేటప్పుడు ఈ 'మ'కారాన్ని గమనించండి.

అయితే ఒక హెచ్చరిక. చివర చూసి మాత్రమే అర్థం చెబితే పొరపాటు పడతాం. విశాలం అనే మాటలో 'శాల' వినిపించినా అది ఏ గదీ కాదు. మసాలా అంతకన్నా కాదు! ఇంగ్లీషులోనూ అంతే. ఆనరేరియం అంటే చోటు కాదు, గౌరవ వేతనం. కారణం ఏమిటంటే, 'ఏరియం' అసలు అర్థం 'ఫలానా దానికి సంబంధించినది' అని. నీటికి సంబంధించినది నీటితొట్టి అయింది. గౌరవానికి సంబంధించినది గౌరవ వేతనం అయింది. మారటోరియం అనే మాట వినగానే శవాలను ఉంచే మార్చురీ గుర్తుకు రావచ్చు. కాని దాని మూలానికి అర్థం ఆలస్యం చేయడం. 2020లో కరోనా కాలంలో భారతీయ రిజర్వు బ్యాంకు అప్పుల వాయిదాల చెల్లింపుకు మారటోరియం అనుమతించింది. అంటే ప్రజలకు కొంత గడువు దొరికింది. సోడియం, కాల్షియం చివర 'ఇయం' ఉన్నా అవి లోహాల పేర్లు. కాబట్టి మాట చివరను గమనించండి, మొదటి భాగాన్ని విడదీయండి, వాక్యంలో పెట్టి సరిచూడండి. ఈ మూడూ చేశాకే అర్థం నిర్ణయించండి.

విద్యార్థులారా! ఒక్క గంటలో మూడు భాషల తలుపులు తట్టి వచ్చాం. వాటిని తట్టడానికి 'శాల', 'ఆలయం', 'ఇల్లు' అనే మన మాటలే పనికివచ్చాయి. తెలుగుకు ఇచ్చిన గంట ఇంగ్లీషుకు నష్టమని ఎవరైనా అంటే, ఆక్వేరియం కథ వారికి చెప్పండి.

ఇంటి దగ్గర ఈ పని చేయండి. 'శాల', 'ఆలయం', 'ఆగారం', 'ఇల్లు' చివర వచ్చే మాటలు ఒక్కొక్కదానికి ఐదు చొప్పున రాయండి. తెలియనివి అమ్మనో, నాన్ననో, ఊళ్లో ఉన్న తాతయ్యనో, అమ్మమ్మనో ఫోనులో అడగండి. మీకు తెలియని మాటలు వారి దగ్గర తప్పక దొరుకుతాయి.