చప్పట్లు కొట్టిన చేతులే



ఇవాళ నేను చెప్పబోయేది 2020 వేసవిలో, హైదరాబాదులో మేముండే అపార్టుమెంటులో జరిగిన సంగతి. అందులో నా తప్పు కూడా వుంది కనుక కాస్త ఓపిగ్గా వినండి.

ఆ యేడు మార్చి 22, జనతా కర్ఫ్యూ నాడు సాయంకాలం అయిదింటికి మనమంతా బాల్కనీల్లో నిలబడి డాక్టర్లకీ, నర్సులకీ చప్పట్లు కొట్టాం, గుర్తుందిగా? మావారు గరిటె పుచ్చుకుని వాయించిన వాయింపుకి స్టీలు కంచానికి పడ్డ సొట్ట యిప్పటికీ అలాగే వుంది.

మా పై అంతస్తులో ఓ నర్సమ్మాయి అద్దెకుండేది. మేం చప్పట్లు కొడుతున్నప్పుడు తను డ్యూటీలో వుంది. మూడు వారాలు తిరక్కుండానే మావాళ్ళంతా కలిసి ఒక కాగితం రాశారు. కరోనా వార్డులో పనిచేసేవాళ్ళు యిక్కడ వుండకూడదు, ఖాళీ చెయ్యాలి అన్నది మొదటి మాట. గేటు దగ్గర కుక్కని తరిమెయ్యాలి అన్నది రెండోది. నేనూ సంతకం పెట్టాను. మా అత్తగారికి ఉబ్బసం, పెద్దావిణ్ణి పెట్టుకుని యెలా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అంతకుముందు చలికాలంలో ఆ అత్తగారికే అర్ధరాత్రి ఆయాసం వస్తే మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది యెవరనుకున్నారు? ఆ పిల్లే!

ఇక కుక్క సంగతి. అది మా సందు చివర టిఫిన్ బండి దగ్గర విస్తళ్ళు నాకి బతికేది. లాక్‌డౌన్‌తో బండి లేదు, విస్తళ్ళూ లేవు. ఊళ్ళో యెన్ని వీధికుక్కలది యిదే గతో! వాటికి తిండి పెట్టేవాళ్ళని ఆపవద్దని జంతు సంక్షేమ మండలి ఆ మార్చిలోనే రాష్ట్రాలకు రాసింది. కానీ మనం నమ్మింది ఫోన్లలో తిరిగే కబుర్లని. కుక్కలవల్ల, పిల్లులవల్ల కరోనా వస్తుందట అని యెవరో అంటే, ముద్దుగా పెంచుకున్నవాటినే వీధిలో వదిలేసినవాళ్ళున్నారు. మా గేటు కుక్కకి మాత్రం, నైట్ డ్యూటీ దిగి వస్తూ ఆ అమ్మాయే యింత పెరుగన్నం కాగితంలో పెట్టేది.

కాగితం అందిన రెండో రోజున తను ఒక సూట్‌కేసు, ఒక బకెట్ పట్టుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. వైద్య సిబ్బందిని కొడితేనే కాదు, వాళ్ళ బతుకూ పనీ సాగనివ్వకుండా వేధించినా నేరమేనట. మూడు నెలలనించి అయిదేళ్ళ దాకా జైలు, యాభైవేలనించి రెండు లక్షల దాకా జరిమానా. పేపర్లో అది చదివి మా కమిటీవాళ్ళు ఆ కాగితం ఊసే యెత్తడం మానేశారు. సిగ్గుపడి కాదు లెండి, భయపడి.

మరుసటి యేడు, 2021 మేలో, మన జూపార్కులో ఎనిమిది సింహాలకు కరోనా సోకింది. సీసీఎంబీవారు పరీక్ష చేసి తేల్చారు. తర్వాత అవి కోలుకున్నాయి. మనుషులనించే వాటికి అంటివుంటుందని శాస్త్రజ్ఞులు అన్నారు. మనం కుక్కని చూసి హడలి చస్తుంటే, బోనులో వున్న సింహానికి మనమే అంటించామన్నమాట!

భయపడటం తప్పని నేననను. ఆ రోజుల్లో భయపడనిదెవరు? మాస్కు కట్టుకోవాలి, చేతులు కడుక్కోవాలి, ఎడంగా నిలబడాలి, సరే. పాలప్యాకెట్టు ఆ అమ్మాయి గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టి వచ్చెయ్యడానికి యేమడ్డొచ్చింది? నాకా ఆలోచనే రాలేదు. ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు అడిగి రాసుకున్న ఆశా కార్యకర్తలని గేటు బయటే నిలబెట్టి, మంచినీళ్ళయినా ఇవ్వకుండా పంపిన యిళ్ళు మా వీధిలోనే వున్నాయి.

అమ్మాయి వెళ్ళాక మూడు రోజులు కుక్క మెట్ల కేసే చూస్తూ కూర్చుంది. నాలుగో రోజు మా అత్తగారు, "ఆ మిగిలిన అన్నం దానికి పడెయ్యవే. ఎవరేమంటారో నేను చూస్తా" అన్నారు. అప్పటినించీ అది మా వాటాలో మనిషే అయింది.

మొన్నామధ్య రైతు బజార్లో ఆ అమ్మాయి యెదురుపడింది. "బామ్మగారి ఆయాసం యెలా వుంది, పిన్నిగారూ?" అంది. తర్వాత కుక్కనడిగింది. అన్నీ చెప్పాను, నా సంతకం సంగతి తప్ప. ఆ కాగితం మీద నాది నాలుగోది. తను చూసే వుంటుంది.