కొండదారి లెక్క



ఈ రజతోత్సవమునందు నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు ఆజ్ఞాపించిరి. నేను ఊరి లెక్కలు వ్రాసికొనువాడను. బడిలో చదివినది స్వల్పము. ఈ గ్రంథాలయపు అరుగుమీద కూర్చుండియే భారత భాగవతములు కూడబలుకుకొని చదివితిని. ఎఱ్ఱన తన హరివంశమును ప్రోలయ వేమారెడ్డికి అంకితమిచ్చెననియు, పదునాలుగవ శతాబ్దమున ఆ రాజు శ్రీశైలమునకును అహోబలమునకును మెట్లు కట్టించెననియు తెలిసికొన్నది ఇచటనే. మెట్లు కట్టించినది రాజు. కదలిన రాళ్లను ఏటేట సరిదిద్దినవారెవరు? ఈ ప్రశ్న నన్ను చాలకాలము విడువలేదు.

ఒక చైత్రమాసమున, పూర్ణిమకు ముందు సెలవులు కలిసివచ్చినవి. హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండలో నున్న మా మేనల్లుడును వాని స్నేహితులును సలేశ్వరం జాతరదారి బాగుచేయ బోవుచుండగా నేనును వెంట నడిచితిని. తెల్లవారుజామున చార్మినారుకడ కలిసికొంటిమి. 1591లో కట్టిన ఆ కట్టడమును చూచుటకు లోకమంతయు వచ్చును. ఆ వేళ దాని పాదములకడ చీపుళ్లతో ఊడ్చుచున్నవారిని మాత్రము మేము తప్ప చూచువారు లేరు.

చాంద్రాయణగుట్టమీదుగా దక్షిణమునకు సాగు శ్రీశైలందారి కల్వకుర్తి, డిండి, మన్ననూరు దాటి నల్లమల చొచ్చును. ఆ అడవి నేడు అమ్రాబాద్ పులుల అభయారణ్యము. సలేశ్వరమున లోతైన లోయలో జలపాతముకడ శివుడు లింగమయ్యగా వెలసియున్నాడు. అర్చకులు చెంచులు. కడపటి దారి కాలినడకయే. రాళ్లును, వేళ్లును, దిగుడును. అటవీశాఖవారి అనుమతితో మాలో కొందరు సీసాలును సంచులును ఏరిరి. నేను రాళ్లు పేర్చు పని కోరుకొంటిని.

లెక్కలవాడను గదా! మధ్యాహ్నమునకు 42 రాళ్లు పెట్టి చీటిలో వ్రాసికొంటిని. ఒక చెంచు పెద్ద వచ్చి ఒక రాతిమీద కాలు మోపి ఊపెను. అది కదలెను. ఆయన దానిని పెరికి, గుంటను లోతుచేసి, వెడల్పు ముఖము క్రిందికి వచ్చునట్లు దించి, సగమునకు మించి మట్టిలో పూడ్చి, చుట్టును చిన్నరాళ్లు కొట్టి బిగించెను. పిమ్మట ఎగువనుండి వచ్చు వాననీరు బాటవెంట పారక ప్రక్కకు పోవునట్లు ఏటవాలుగా చిన్న కాలువ తీసెను.

“దారిని తినేది కాళ్లు కాదు సారూ, నీళ్లు” అనెను.

నాకు చిన్నతనమనిపించి, తక్కిన రాళ్లను మరల చూడక విడిచితిని. సాయంకాలము వానిలో నొకటి దొర్లి ఒక ముదుసలి పడెను. మోచేయి చీరుకొని రక్తము వచ్చెను. కట్టు కట్టితిమి. ఆమె ఎవరిని తిట్టలేదు. తన కన్నులనే నిందించుకొనెను. ఆ రాయి పెట్టినవాడను నేనేయని చెప్పుటకు నాకు నోరు రాలేదు.

ఆ రాత్రి చీటి తీసి 42 అను అంకెను కొట్టివేసితిని. తెల్లవారగానే ఆ పెద్ద చూపినట్లు పాతరాళ్లను పెరికి మరల పెట్టుచుంటిని. పొద్దుగూకువరకు 9 మాత్రమే నిలిచినవి. ఒక్కొక్కదానిమీద నేనే ఎక్కి ఊపిచూచితిని.

మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండినవి. పుస్తకములు దానమిచ్చినవారి పేర్లు బీరువాలమీద నున్నవి, ఉండదగినవే. చినిగిన అట్టలు కుట్టినవారి పేర్లు, వానకు తడిసిన పుటలను ఎండలో ఆరబెట్టినవారి పేర్లు ఎచటను లేవు. ఎన్ని పుస్తకములున్నవని రిజిస్టరు చెప్పును. ఎన్ని చదువుటకు నిలుచునో అది చెప్పదు. మాసమునకొక ఆదివారము మనలో నలుగురు సూదిదారములతో వచ్చి కూర్చుండిన చాలును. మొదటి ఆదివారము నాది.

ఆ ముదుసలికి చెప్పలేకపోయిన మాటను ఇన్నేండ్లు నాకు దారి చూపిన ఈ చోటనే చెప్పుకొంటిని. సెలవు.