ఫిత్రా: లెక్కలో ఉన్న స్త్రీలు, లెక్కకు రాని స్త్రీలు

(ముస్లిం స్త్రీల ఆర్థిక హక్కులపై కార్యకర్తల కోసం జరిగిన రెండు రోజుల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



మహర్ గురించీ మనోవర్తి గురించీ మాట్లాడమని నన్ను పిలిచారు. వాటి దగ్గరికి వస్తాను, కానీ ఫిత్రా దారిలో వస్తాను. మీ దగ్గరికి మనోవర్తి కేసులతో వచ్చే స్త్రీలనే రంజాన్ చివరి రోజుల్లో మసీదుల ముందు ఫిత్రా కోసం నిలబడి ఉండగా మీలో కొందరైనా చూసి ఉంటారు. కేసు మన ఫైల్లో ఉంటుంది, ఫిత్రా మతానికి సంబంధించిన విషయమని వదిలేస్తాం. ఈ రెండూ ఒకే మనిషి జీవితంలో ఒకదాన్నొకటి ఎలా ముట్టుకుంటాయో మనం పట్టించుకోలేదు. నేనూ చాలాకాలం పట్టించుకోలేదు.

మా ఇంటి సంగతితో మొదలుపెడతాను. నెలవంక కనబడిందని మసీదు నుంచి కబురు రాగానే అమ్మీ గోధుమల డబ్బా దించేది. అబ్బా ఇంట్లో తలలు లెక్కపెట్టేవారు. తలకో కొలత. ఉయ్యాల్లో ఉన్న తమ్ముడికి కూడా ఒక కొలత పోసేవాళ్లు, వాడికి ఉపవాసం లేకపోయినా. అన్నీ ఒక గుడ్డసంచిలో పోసి, వీధి చివర ఉన్న ఫుప్పు ఇంట్లో ఇచ్చి రమ్మని నన్ను పంపేవారు. ఫుప్పు అంటే మా మేనత్త, అబ్బాకు అక్క. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లలతో బీడీలు చుట్టి బతికేది. సంచి అందుకుని, "ఖుదా మీ అబ్బాను చల్లగా చూడాలి బేటా" అనేది. ఆ మాట ఇంటికి మోసుకొచ్చి చెప్పడం నాకు గర్వంగా ఉండేది.

డాక్టరేట్ కోసం ముస్లిం కుటుంబాల్లో ఆస్తి పంపకాల గురించి ఇంటింటికీ తిరిగి అడుగుతున్న రోజుల్లోగానీ మా సొంత ఇంటి లెక్క నాకు తట్టలేదు. తాత పోయేనాటికి దాదీ లేదు. ఐదెకరాల భూమి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. షరియత్ ప్రకారం కొడుకుకి రెండు వంతులు, కూతురికి ఒక వంతు. అంటే ఫుప్పుకు ఒక ఎకరం. అబ్బా, చాచా చెరి రెండున్నర ఎకరాలు తీసుకున్నారు. ఆ ఎకరం ఎవరూ లాక్కోలేదు, ఎవరూ ఇవ్వనూలేదు. అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందని ఫుప్పు అడగలేదు. ఆ ఎకరానికి బదులు ఏడాదికోసారి ఒక సంచి గోధుమలు వెళ్లేవి, అవీ దానంగా.

ముస్లింలు ఇలా చేస్తారా అని ఎవరూ తొందరపడనక్కర్లేదు. ఆడపిల్లలకు సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది 1986లో. ఇప్పటికీ ఎంతమంది అక్కాచెల్లెళ్లు చీరా సారె తీసుకుని సంతకాలు పెడుతున్నారో మీకు నాకంటే బాగా తెలుసు.

ఇప్పుడు ఫిత్రా నియమాలు కొంచెం చూద్దాం. కార్యకర్తలకు ఇవి పనికొస్తాయి. ఉపవాసాలు విధి అయిన ఏడాదే, హిజ్రీ రెండో సంవత్సరంలో, ఫిత్రా కూడా విధి అయిందని చెబుతారు. స్త్రీ పురుషులనీ, పిల్లలూ పెద్దలనీ, స్వేచ్ఛగా ఉన్నవాళ్లనీ బానిసలనీ తేడా లేకుండా తలకొక 'సా' కొలత ఖర్జూరాలో బార్లీనో అని హదీసు. ఉపవాసంలో జరిగిన పొరపాట్లు కడిగేసుకోవడం ఒక ఉద్దేశం, పండగనాడు పేదవాడి ఇంట్లో పొయ్యి వెలగడం రెండోది. అందుకే ఈద్ నమాజుకు ముందే చేరాలి. తర్వాత ఇస్తే అది మామూలు దానం కిందికే వస్తుంది.

మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో గోధుమలైతే అర సా చాలు. కిలోల్లోకి మార్చేటప్పుడు ఒకటింబావు నుంచి రెండు దాకా రకరకాలుగా చెబుతారు. ఈ అర కొలత గురించి ఒక కథనం ఉంది. ముఆవియా కాలంలో సిరియా గోధుమలు ఖరీదైనవి కాబట్టి వాటి అర కొలతను ఖర్జూరాల పూర్తి కొలతతో సమానం చేశారనీ, అబూ సయీద్ అల్ ఖుద్రీ మాత్రం పాత కొలతే ఇస్తూ వచ్చారనీ హదీసుల్లో ఉంది. అప్పుడు గోధుమ ఖరీదైన ధాన్యం. ఇప్పుడు ఆ జాబితాలో చవకైనది అదే. కిలో గోధుమలు 40 రూపాయలు, ఖర్జూరాలు 400 అనుకోండి. పావు తక్కువ రెండు కిలోల గోధుమలకు తలకు 70 రూపాయలు, మూడున్నర కిలోల ఖర్జూరాలకు 1400. ఏసీ గదుల్లో ఇఫ్తార్లు ఇచ్చే ఇంట్లో ఆరుగురుంటే 420 రూపాయలతో విధి తీరిపోతుంది. తాహతును బట్టి ఖర్జూరాల లెక్కన ఇవ్వండని చెప్పే ఉలమాలు ఉన్నారు. కానీ బజారులో అందరి నోటా వినబడేది గోధుమల లెక్కే.

స్త్రీ విషయానికొస్తే, హనఫీ న్యాయశాస్త్రంలో భార్య ఫిత్రా భర్త మీద విధి కాదు. ఆమెకు నిసాబ్ ఉంటే, అంటే అవసరాలు పోను ఏడున్నర తులాల బంగారమో, 52న్నర తులాల వెండి విలువో ఉంటే, ఆమె ఫిత్రా ఆమెదే. షాఫయీ పద్ధతిలో భార్యకు కూడా భర్తే ఇవ్వాలి. హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బు కుటుంబాలు పాటించేది అదే. మొదటిదానిలో స్త్రీకి సొంత ఆర్థిక అస్తిత్వం ఉంది. రెండోదానిలో ఖర్చు తప్పుతుంది, అస్తిత్వమూ తప్పుతుంది. నాకు మొదటిదే నచ్చుతుంది, కానీ ఆచరణ చూస్తే నవ్వొస్తుంది. హనఫీ ఇళ్లలోనూ భర్తే తలలు లెక్కపెట్టి కట్టేస్తాడు. భార్య నగలు అత్తగారి బీరువాలోనో తాకట్టు దుకాణంలోనో ఉంటాయి. జకాత్ విధి అయినప్పుడు మాత్రం ఆ నగలు ఆమెవని అందరికీ గుర్తొస్తుంది. "బంగారం నీది, జకాత్ నువ్వే కట్టుకో" అని భర్త అంటే, చేతిలో రూపాయి లేక, కట్టలేక, పాపభయంతో ఏడ్చిన స్త్రీలను నేను చూశాను.

ఇక పుచ్చుకునే వైపు. హైదరాబాదులో ఈద్గాల దగ్గర కనబడే ఆడవాళ్లలో ఎక్కువమంది నమాజుకు వచ్చినవాళ్లు కాదు, చెయ్యి చాచడానికి వచ్చినవాళ్లు. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో బస్తీలో ఆడవాళ్లకే తెలుస్తుంది, కానీ జాబితా రాసే మసీదు కమిటీలో వాళ్లు ఉండరు. గుంపు మీదికి విసిరినట్టు పంచితే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2008 రంజాన్‌లో ఇండోనేషియాలోని పసురువాన్‌లో ఒక వ్యాపారి ఇంటి ముందు జకాత్ కోసం జరిగిన తొక్కిసలాటలో 21 మంది స్త్రీలు చనిపోయారు. 2015లో బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో జకాత్ బట్టల కోసం వచ్చి ఇరవైమందికి పైగా, 2023లో కరాచీలో ఒక ఫ్యాక్టరీ దగ్గర పదిమందికి పైగా పోయారు. ఈ రెండుచోట్లా ఎక్కువమంది ఆడవాళ్లే. ఇచ్చేవాడి పేరు అందరికీ కనబడాలంటే పుచ్చుకునేవాళ్లు వరసలో నిలబడక తప్పదు.

ఖురాన్‌లో సంపన్నుల ఆస్తిలో అడిగేవాళ్లకూ, అడగలేనివాళ్లకూ ఉన్న భాగాన్ని 'హఖ్' అన్నారు. మన తెలుగులో 'హక్కు' ఆ మాట నుంచి వచ్చిందే. మన పత్రికల అట్టల మీద, బ్యానర్ల మీద రోజూ రాసుకునే మాట అది.

నియమాల్లో ఇంకొకటి ఉంది, నాకు అన్నిటికంటే విలువైనది. తండ్రి తన ఫిత్రా, జకాత్ కూతురికి ఇవ్వకూడదు. భర్త భార్యకు ఇవ్వకూడదు. ఆ పోషణ ఎలాగూ అతని బాధ్యత కనక. అంటే బాధ్యత ఉన్నచోట దానం చెల్లదని ఫఖీహులే చెప్పారు. అక్కాచెల్లెళ్లకు ఇవ్వవచ్చు, బంధువులకిస్తే రెట్టింపు పుణ్యం కూడా. కానీ నువ్వు ఎవరికైనా బాకీ ఉంటే ఆ బాకీ తీర్చడం జకాత్ కాదు. మరి చెల్లెలి ఎకరం దగ్గర పెట్టుకున్నవాడు ఆమెకు బాకీ ఉన్నట్టా లేనట్టా? ఈ ప్రశ్న ఒక పెద్ద ముఫ్తీ సాబ్‌ను అడిగాను. ముందు వాటా ఇవ్వాలమ్మా అన్నారు, ఒక్క క్షణం ఆలోచించకుండా. జుమా ప్రసంగంలో ఆ మాట చెప్తారా అంటే మాత్రం నవ్వి ఊరుకున్నారు.

మనోవర్తి చరిత్రలోనూ ఇదే పేచీ. 1985లో షాబానో తీర్పు, 1986లో దాన్ని పక్కకు నెట్టే చట్టం. ఇద్దత్ తర్వాత పోషించుకోలేని స్త్రీని వారసులైన బంధువులు, వాళ్లకు చేతకాకపోతే వక్ఫ్ బోర్డు చూడాలని నాలుగో సెక్షన్ చెప్పింది. భర్త బాధ్యతను సమాజం దయ మీదికి మళ్లించారు. ఇద్దత్ తర్వాతి కాలానికి కూడా తగిన ఏర్పాటు భర్తే చెయ్యాలని 2001లో డేనియల్ లతీఫీ తీర్పు సరిదిద్దింది. 2024 జూలై 10న వచ్చిన తీర్పు మన తెలంగాణ కేసులోదే. ఫ్యామిలీ కోర్టు నెలకు 20 వేలు మధ్యంతర మనోవర్తి ఇస్తే హైకోర్టు 10 వేలకు తగ్గించింది. 1986 చట్టం ఉంది కదా, 125 సెక్షన్ నాకు వర్తించదని భర్త సుప్రీంకోర్టుకు వెళ్లాడు. విడాకులైన ముస్లిం స్త్రీకి రెండు దారులూ ఉన్నాయని కోర్టు తేల్చింది. కొత్త చట్టంలో అది 144వ సెక్షన్, రాసుకోండి.

ఫిత్రా వద్దని నేను అనడం లేదు. ఈద్ ఉదయం ఫుప్పు ఇంట్లో షీర్ ఖుర్మా అయ్యేది ఆ సంచి అమ్మిన డబ్బుతోనే. ఆ పిల్లల మొహాలు నాకు గుర్తున్నాయి. భర్త శవం పక్కన కూర్చోబెట్టి మహర్ మాఫీ చెప్పించారట ఆమె చేత. ఈ సంగతి ఆమె చనిపోయే ముందు ఏడాది చెప్పింది, బీడీ ఆకు కత్తిరిస్తూ, కత్తెర మీద నుంచి కళ్లెత్తకుండా. వాటా గురించి నేను అడిగితే, "మీ అబ్బా ఏటేటా పంపించాడు కదా బేటా" అంది.

వచ్చే రంజాన్‌కు బస్తీల్లో పనిచేసేవాళ్లు ఒక పని చెయ్యగలరా అని అడగడానికే ఇదంతా. ఫిత్రా జాబితాలో ఉన్న ప్రతి స్త్రీనీ ఇంటికి వెళ్లి మూడు విషయాలు అడగాలి. మహర్ చేతికొచ్చిందా? తండ్రి ఆస్తిలో వాటా వచ్చిందా? విడిచిపెట్టినవాడు నెలకు ఏమైనా ఇస్తున్నాడా? జాబితా ఇవ్వడానికి ఒకటి రెండు మసీదు కమిటీలు ఒప్పుకున్నాయి, మిగతావాళ్లతో మాట్లాడాలి. వరసలో నిలబడి ఉన్నప్పుడు మాత్రం అడగొద్దు, అక్కడ ఎవరూ నిజం చెప్పరు. ఫారాలు ఉర్దూలో, తెలుగులో వెనక బల్ల మీద పెట్టాం. భోజనాల తర్వాత ఏ బస్తీ ఎవరిదో అనుకుందాం.